పిక్కల లెక్క

బీజగణితం అని బోర్డు మీద రాసి
బీజమంటే ఏమిటర్రా అన్నాను.
"పిక్క" అంది ఏడో తరగతి ఒక్క గొంతుతో.
కాశీబుగ్గలో ఇంకేం చెబుతారు!
కిటికీ అవతల బట్టీ పొగ,
జీడిపిక్క కాలే కమురు వాసన
హాజరు పిలవకముందే లోపలికొచ్చి కూర్చుంటుంది.

సరే, పిక్కలో ఏముందో పగలగొడితేగానీ తెలీదు కదా,
అలాంటి అంకెకి ఎక్స్ అని పేరు పెడదాం అన్నాను.
"అది తప్పు గుర్తు కదండీ" అన్నాడు హేమసుందర్,
ఎర్రసిరా తిన్న నోట్సు చూపిస్తూ.
నా గుర్తే. పోయిన నెలది.
ఏం చెప్పాలో తోచక డస్టరు వెతుక్కున్నాను.

రెండు ఎక్స్‌లూ మూడు ఎక్స్‌లూ కలిస్తే ఐదు.
గుండ్లు గుండ్లతో, బద్దలు బద్దలతో;
గుండూ బద్దా ఒకే డబ్బాలో పోస్తే
సేటు ఊరుకుంటాడా?
పుస్తకం నాలుగు పేజీలు తీసుకున్న సజాతి పదాలు
వాళ్లకి అక్కడే వచ్చేశాయి.

సమం గుర్తు దాటితే కూడిక తీసివేతవుతుందని
పదిసార్లు చెప్పినా ఎక్కలేదు.
ఇచ్ఛాపురం దాటాక బోర్డుల మీద
లిపి మారిపోదా, అలాగ, అన్నాను.
"బస్సు అదేనండి, మనుషులూ ఆళ్లే" అంది యామిని.
ఔను. విలువ అదే.

అసమానత గుర్తు నేను చెప్పనేలేదు.
నోరు పెద్దదానివైపే ఎందుకు తెరుచుకుంటుందో
వెనక బెంచీలోంచి దమయంతి చెప్పింది:
"సిన్నదానికే కదండీ ఆకలి."

ఆ వేళ ఇంటిలెక్క,
ఎవరింటి లెక్క వాళ్లే సమీకరణంగా రాసుకురమ్మని.
యామిని రాసుకొచ్చింది.
అమ్మ నిన్న ఒలిచిన కిలోలు ఎక్స్.
కిలోకి పదిహేను రూపాయలు,
ముక్కలైనందుకు పది కోత,
చేతికొచ్చినవి ఎనభై.
పది అటు దాటి తొంభై అయింది,
పదిహేనుతో భాగించింది,
ఎక్స్ ఆరు.
కింద రెండు గీతలు, చక్కగా, స్కేలు పెట్టి.

టిక్కు పెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.
"కాదండి. అమ్మ ఒలిసింది ఎనిమిది.
నాను పక్కనే కూకున్నాను,
కొట్టోళ్ల తక్కెడ తెచ్చి తూసినాను."
మళ్లీ చేశాను, ఆ పిల్ల ముందే, వేళ్ల మీద కూడా.
సమీకరణం ఎక్కడా జారలేదు.
ఆరే.
"మరి లెక్క తప్పా అండి, అమ్మ తప్పా?"

ఎర్ర పెన్నుకి మూత పెట్టేశాను.
పదిహేడేళ్ల సర్వీసు. సరిచూడడమంటే
జవాబుని తిరిగి లెక్కలో పెట్టి చూడడమే అనుకున్నాను.
తూకం దాకా వెళ్లాలని
ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పలేదు.

వాళ్లమ్మ కూర్మమ్మని ఒకసారి చూశాను,
రేషన్ డిపో దగ్గర.
జీడిసొన తిన్న వేళ్లు,
గీతల్లేని బొటనవేలు.
మిషను నాలుగుసార్లు ఆమెని కాదంది.
ఐదోసారి చీరచెంగుకి తుడిచి మళ్లీ పెట్టింది,
వేలిదే తప్పన్నట్టు.

ఆమె ఇప్పుడు కిలో అయినప్పుడల్లా
గోడ మీద బొగ్గుతో ఒక ఇంటు పెడుతోందట.
కూతురే నేర్పింది.
శనివారం ఎనిమిది గుర్తులు,
ఒక్కటీ తప్పు కాదు.
సాయంత్రం నోట్సు పట్టుకుని ఆ పిల్ల
తూకం పక్కన నిలబడిందట, ఏమీ అనకుండా.
గుమస్తా ముల్లుకేసి చూశాడు,
పిల్లకేసి చూశాడు,
ఒక రాయి తీసి ఇంకో రాయి వేశాడు.
ఏడుంపావు, అన్నాడు.

సోమవారం పొద్దున్న
నేను సుద్దముక్క తీసేలోగానే
బోర్డు మీద రాసి ఉంది, వంకర అంకెల్లో:

6 < x < 8

రెండు నోళ్లూ ఎనిమిదికేసే తెరిచి ఉన్నాయి.